పిక్కల రొట్టె తిన్న రాజులు

మా అమ్మాయి విశాఖపట్నం నుంచి క్రిస్మస్ సెలవులకి పిల్లల్ని తీసుకుని వచ్చింది. సంచీ విప్పితే బట్టలకన్నా కాగితాలే ఎక్కువున్నాయి. చర్చిలో జ్ఞానోపదేశం చెప్పే సిస్టరుగారు ఇచ్చారట. ఏ పునీతుల పండుగకి ఇంటిల్లిపాదీ కలిసి ఏం చెయ్యాలో వాటిలో రాసి ఉంది. రంగులు వెయ్యాల్సిన బొమ్మలు, కత్తిరించాల్సిన కిరీటాలు, అతికించాల్సిన తోకచుక్కలు, చివర చేసినవన్నీ ఫోటో తీసి గ్రూపులో పెట్టమని ఒక మాట. ఎనిమిదేళ్ళ మనవరాలు నా కొత్త దుప్పటి మీద జిగురు ఒలకబోసి, ఆ సంగతి నేను చూసేలోపు మాట మార్చడానికి కాబోలు, మీ చిన్నప్పుడు ముగ్గురు రాజుల పండగకి ఏ యాక్టివిటీ ఇచ్చేవాళ్ళు అమ్మమ్మా అని అడిగింది. చింతపిక్కలు తినిపించేవాళ్ళు అన్నాను. అది నవ్వింది. వాళ్ళమ్మ కూడా నవ్వి, అమ్మమ్మ కథలు కల్పిస్తుందిలే అంది. కల్పించానో లేదో చదివేవాళ్ళే తేల్చుకుంటారని ఇది రాస్తున్నాను.

మాది నౌపడ దగ్గర ఉప్పుమళ్ళని ఆనుకున్న చిన్న పల్లె. నాన్న రైల్వే గూడ్సు షెడ్డులో గుమస్తా. గాలి మళ్ళ మీంచి వీచినప్పుడు పెదాలు నాకితే ఉప్పగా ఉండేవి. ఊళ్ళో కతోలికుల ఇళ్ళు ఆరు, కొబ్బరాకులు కప్పిన చిన్న చర్చి ఒకటి. పదిహేను రోజులకొకసారి ఫాదరుగారు సైకిలు మీద వచ్చి పూజ చెప్పి వెళ్ళేవారు. మా పక్కిల్లు ముఖలింగం మావది. శ్రీముఖలింగం సామికి మొక్కుకుంటే పుట్టాడని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది. వరి, చోళ్ళు పండించేవాడు. ఇంట్లో మాట మాత్రం వాళ్ళావిడ పైడమ్మత్తదే. వాళ్ళకి పిల్లల్లేరు. నేనూ తమ్ముడు జోజీ పొద్దున్న మా ఇంట్లో తిని, కంచె కంతలోంచి దూరి వెళ్ళి వాళ్ళింట్లో మళ్ళీ తినేవాళ్ళం. ఆ కంత మొదట పిల్లి పట్టేంత ఉండేదట. నాకు పదేళ్ళొచ్చేసరికి మా నాయనమ్మ పట్టేంత అయింది.

నాయనమ్మ అడ్డపొగ చుట్ట తాగేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసుకుని, గోడకి జేరగిలబడి కూర్చునేది. ఒక చేతిలో చుట్ట, ఒక చేతిలో జపమాల. పది పూసలు జపించాక ఒక దమ్ము. అందుకే మా ఇంట్లో సాయంకాలపు జపం మిగతా ఇళ్ళలో కంటే రెట్టింపు సేపు పట్టేది. నోట్లో నిప్పు పెట్టుకుని ప్రార్థన ఎలా చెప్తావని జోజి అడిగితే, దేవుడికి ఇనపడతాది, నీకేటి బాధ అనేది. ఏదన్నా వస్తువు కనపడకపోతే పోయినవాటిని వెతికిపెట్టే అంతోనివారి పటాన్ని గోడవైపు తిప్పేసేది. దొరికేదాకా అంతోనివారు గోడనే చూస్తూ ఉండాలి. ఒకసారి సున్నపుకాయ కోసం ఆయన్ని మూడు వారాలు అలా నిలబెట్టింది. చివరికి అది ఆవిడ కొంగు ముడిలోనే దొరికింది. ఆయనకి క్షమాపణ చెప్పుకుందో లేదో నాకు తెలీదు.

అమ్మది గుంటూరు వైపు. ముత్తాతల కాలం నుంచీ కతోలికులు. పెళ్ళయి వచ్చేసరికి ఈ ఇంట్లో క్రిస్మస్, పాస్కు అనే ఈస్టరు తప్ప మరో పండుగ ఆచరించకపోవడం చూసి ఆవిడ మనసు చివుక్కుమందట. టీచరు ట్రైనింగులో ఉండగా ఒక విదేశీ సిస్టరుగారు ఏ దేశంలో ఏ పండుగ ఎలా చేస్తారో చెబుతుంటే నోటుబుక్కులో రాసుకుంది. ఆ పుస్తకం మా ఊరికి వచ్చాక మాకు ప్రశాంతత లేకుండా పోయింది. అమ్మ ఊరి బళ్ళో పంతులమ్మ. నేర్చుకున్నది పిల్లల మీద ప్రయోగించకుండా ఉండలేని మనిషి.

డిసెంబరులో నికోలాసువారి పండుగకి పిల్లలు తమ బూట్లు గుమ్మంలో పెడితే తెల్లారేసరికి వాటినిండా మిఠాయిలుంటాయని రాసి ఉంది. మా ఇంట్లో కాళ్ళకి తొడుక్కునేవి నాన్నకి తప్ప ఎవరికీ లేవు. డ్యూటీకి వేసుకునే ఆయన బూట్లనే గుమ్మంలో పెట్టి, అమ్మ వాటినిండా బెల్లం జీళ్ళు పోసింది. ఆ సంగతి నాన్నకి చెప్పడం మర్చిపోయింది. పొద్దున్నే బండి వేళయిందని ఆయన హడావుడిగా కాళ్ళు దూర్చి పరుగెత్తాడు. సాయంత్రం వచ్చి, ఇవాళ నా పాదాలకి ఏదో జబ్బు చేసినట్టుంది, నడుస్తుంటే సాగుతున్నాయి అన్నాడు. ఆ జీళ్ళు మేం తిన్నామా అని మనవరాలు అడిగింది. తిన్నాం. కొన్ని.

అక్టోబరులో ఫ్రాన్సిసువారి పండుగకి పశువుల్ని తెచ్చి ఆశీర్వాదం ఇప్పించాలి. మాకు పశువుల్లేవు. అమ్మ సంగతి చెప్పగానే పైడమ్మత్త తన చూడి గేదెని వంశధారలో పుష్కరస్నానం చేయించినంత శ్రద్ధగా కడిగి, నుదుట పసుపు, కుంకుమ పెట్టి, కొమ్ములకి బంతిపూలు చుట్టి చర్చికి తోలుకొచ్చింది. ఫాదరుగారు కేరళ నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. తెలుగు పూజపుస్తకం చూసి నేర్చుకున్నారు. అందుకని ఆయన ఉప్పు అడిగినా సువార్త చదివినట్టే ఉండేది. ఆయన పవిత్రజలం చిలకరిస్తుండగా గేదె తల తిప్పి చర్చి చూరులో కొబ్బరాకులు ఒక మూల తినేసింది. ఫాదరుగారు కాసేపు చూసి, ఇదియును దేవుని సృష్టియే అన్నారు. వారం తిరక్కుండా గేదె పెయ్యదూడని ఈనింది. ముఖలింగం మావ ఆ దూడకి ఫ్రాంచీసమ్మ అని పేరు పెట్టాడు. శ్రీకూర్మం వెళ్ళినప్పుడు కూర్మనాథసామికి దండం పెట్టి, పనిలో పనిగా ఫ్రాంచీసు సామికి కూడా అక్కడి నుంచే ఒక దండం పడేసి వచ్చేవాడు. ఇద్దరూ జంతువుల పక్షం సామీలే గదా అని ఆయన వాదం. విభూది బుధవారం నా నుదుటి మీద బూడిద సిలువ చూసి, మీ సామి విభూది పిసినారిగా పెడతన్నాడే అని తన మూడు పట్టెలు చూపించేవాడు. మేం నాగులచవితికి పైడమ్మత్త వెనకాల పుట్ట దాకా వెళ్ళి చిమ్మిలి, చలివిడి తిని వచ్చేవాళ్ళం. తినేముందు సిలువ గుర్తు వేసుకోమని అమ్మ చెప్పేది. పుట్ట ముందు నిలబడి మేం సిలువ గుర్తు వేసుకుంటుంటే అక్కడి ఆడవాళ్ళు ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

ఈ పండుగలన్నిటిలోకీ మాకు ఇష్టమైనది ముగ్గురు రాజుల పండుగ. చుక్కని వెంబడించి బాలయేసుని చూడటానికి తూర్పు నుంచి వచ్చిన రాజుల పండుగ అది. ఏదో దేశంలో ఆ రోజు కేకులో ఒక గింజ దాచి, ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు పొద్దుగూకేదాకా రాజు అంటారట. రాజు మాట అందరూ వినాలి. మా ఊళ్ళో కేకు లేదు. అమ్మ దిబ్బరొట్టె అనేది, నాయనమ్మ మినపరొట్టె అనేది, రెండూ ఒకటే, దాంట్లో చింతపిక్క దాచేవాళ్ళం. మొదటి ఏడు జోజి రాజయ్యి, ఎవరూ తనకి స్నానం చేయించకూడదని శాసనం చేశాడు. మరుసటేడు నాన్నకి వచ్చింది. ఒక గంట ఎవరూ మాట్లాడకండి అని చెప్పి చాప పరుచుకుని పడుకున్నాడు. ఆ తర్వాతి ఏడు నాయనమ్మ. పొద్దుగూకేదాకా కోడలు మన మాటే మాట్లాడాలని ఆజ్ఞ. అమ్మ చాలా కష్టపడింది. ఏంటి అనబోయి ఏటి అని నాలిక్కరుచుకుని, చెప్పండి అనబోయి సెప్పండి అని, ఆ రోజు ఇంటికొచ్చిన బడి ఇన్‌స్పెక్టరుగారితో కూడా కూకోండి అంది. ఆయన శ్రీకాకుళం వాడే. ఇన్నాళ్ళకి మనిషిలా మాట్లాడుతున్నారమ్మా అని మెచ్చుకున్నాడు.

నేను చెప్పదలచిన ఏడు నేను ఐదో తరగతిలో ఉన్నాను. ఊళ్ళో బడి అంతవరకే. విజయనగరంలో సిస్టర్లు నడిపే బోర్డింగులో నన్ను చేర్చాలని అమ్మ పట్టుబట్టింది. ఆడపిల్లని అంత దూరం పంపేది లేదని నాయనమ్మ మొండికేసింది. నాన్న ఇద్దరి మాటలకీ తలూపేవాడు. ఆయన తలూపడంలో అవునో కాదో నాయనమ్మ కనిపెట్టలేకపోయేది, అమ్మా కనిపెట్టలేకపోయేది. దరఖాస్తుకి ఫాదరుగారి ఉత్తరం జతచెయ్యాలి. పండుగనాడు పూజకి వచ్చినప్పుడు ఆయన్ని భోజనానికి పిలిచి రాయించుకుందామని అమ్మ ఆలోచన. ఆ విషయం విన్నాక నాయనమ్మ అమ్మతో మాటలు మానేసింది. అత్తాకోడళ్ళు నా ద్వారా మాట్లాడుకునేవారు. ఒకే వంటింట్లో రెండు పీటల మీద కూర్చుని, ఉప్పు చాలిందేమో మీ నాయనమ్మని అడుగు అని ఒకరు, సాల్లేదని మీ అమ్మకి సెప్పు అని ఒకరు. నన్ను మాత్రం ఏమే నీకెక్కడుండాలనుంది అని ఒక్కరూ అడగలేదు. నేను ఏడుస్తున్నానని నాయనమ్మ ఊరంతా చెప్పింది. నిజానికి నేను ఏడవలేదు. కళ్ళకలక వచ్చింది.

పండుగ రోజు వచ్చింది. రొట్టె ఎప్పుడూ పైడమ్మత్త ఇంట్లోనే కాల్చేవాళ్ళం. అడుగు మందంగా ఉన్న పెద్ద మూకుడు ఆవిడకే ఉంది. మూకుడులో నూనె పోసి, పిండి వేసి, కింద సన్న సెగ పెట్టి, పైన మూత మీద నిప్పులు పోస్తే రెండు వైపులా ఎర్రగా కాలేది. కమ్మటి మినప వాసన ఉప్పుగాలిని కూడా తోసేసి వీధిలోకి వెళ్ళేది. ఆ ఏడు అమ్మ పిండి కలిపి, చింతపిక్కకి ఎర్రదారం చుట్టి, మూకుడు ఒక చెవి దగ్గర అంచున గుచ్చింది. దారం ఎందుకని అడిగితే, ఎవరూ వేరే పిక్క చూపించి మోసం చెయ్యకుండా అంది. నేను పట్టించుకోలేదు. నాకు నా పని ఉంది.

రొట్టె చూసి రమ్మని నన్ను పంపినప్పుడు, మేకుతో సిలువ గీసి పెట్టుకున్న నా పిక్కని మూత ఎత్తి రెండో చెవి దగ్గర లోపలికి నొక్కేశాను. వేలు కాలింది. తర్వాత నాయనమ్మ, ఆ గుంటకి నిప్పు సంగతేటి తెలుస్తాది, నాను సూసొస్తాను అని కంతలోంచి వెళ్ళి వచ్చింది. ఆవిడ దగ్గర చింతపిక్క దొరక్క సీతాఫలం పిక్క పెట్టిందని మాకు తర్వాత తెలిసింది. ఆవిడ వచ్చేశాక పైడమ్మత్త మూకుడు దగ్గర ఒక్కత్తీ ఉంది. ఆవిడకి ఆ ఆట మొత్తం అర్థం కాలేదు. పిక్క దొరికినోళ్ళు రాజు అని మాత్రం తెలుసు. ఇంతమంది తినే రొట్టెలో ఒక్క పిక్కేటి, పండగపూట పిసినారితనమేటి అనుకుని, చారుకి నానేసిన చింతపండులోంచి గుప్పెడు పిక్కలు ఏరి, కడిగి, మెత్తగా ఉన్న పిండిలో అక్కడక్కడా గుచ్చి, మళ్ళీ మూత పెట్టి నిప్పులు పోసింది.

పూజ అయ్యాక అందరం మా వసారాలో కూర్చున్నాం. ఫాదరుగారికి పీట, మిగతావాళ్ళకి చాప. అమ్మ రొట్టె కోసి ఎవరికి ఏ ముక్కో తనే పెట్టింది. ముందుగా ఫాదరుగారికి. ముఖలింగం మావ ప్రార్థన అయ్యేదాకా చేతులు కట్టుకుని ఆగి, మొదటి ముక్క గట్టిగా కొరికాడు. టక్కుమని చప్పుడైంది. ఆయన పిక్క తీసి పైకెత్తి చూపించాడు. మేం చప్పట్లు కొట్టబోతుండగా జోజి నోట్లో టక్కుమంది. తర్వాత నాన్న నోట్లో. నాన్నకి ఒకే ముక్కలో రెండు. నాయనమ్మకి ఉన్నవే నాలుగు పళ్ళు, ఆవిడ వేలితో చిదుముకుని తినేది కాబట్టి చప్పుడు లేకుండా మూడు తీసి కంచం పక్కన పేర్చింది. వాటిలో ఆవిడ సీతాఫలం పిక్క లేదు. అది నాకు వచ్చింది. నా సిలువ పిక్క అమ్మకి వచ్చింది. వసారా అంతా టకటకమనే చప్పుడే. అమ్మ కత్తి కిందపెట్టి, కంచాల్లో పిక్కలన్నీ చూసి, తరగతిలో ఎవరో ఈల వేసినప్పుడు చూసే చూపు చూసింది.

"ఎవరు పెట్టారివి?" అంది.

మొదట పైడమ్మత్త ఒప్పుకుంది. దాచడానికేముందో ఆవిడకి తెలియదు. "నానే ఏసినాను. అందరూ రాజులైపోతే ఎవులికీ గొడవుండదని," అంది. ఇంకెంతమంది పెట్టారని అమ్మ అడిగింది. సిలువ గీసిన పిక్క ఆవిడ అరచేతిలోనే ఉంది, నేను తలొంచుకున్నాను. సీతాఫలం పిక్క నా కంచంలో ఉంది, నాయనమ్మ చూరువైపు చూసింది. పిల్లని ఇంట్లోనే ఉంచాలని ఆజ్ఞ ఇద్దామని పెట్టానని ఆవిడ నాతో చెప్పి, అమ్మకి చెప్పమంది. అమ్మ అక్కడే ఉంది, విన్నది.

అయితే అసలు రాజు ఎవరని జోజి అడిగాడు. ఎర్రదారం ఉన్న పిక్కదే రాజ్యమని అమ్మ అంది. అందరం కంచాలు వెతికాం. చాప దులిపాం. మిగిలిన రొట్టె పొడిపొడి చేశాం. ముఖలింగం మావ మూకుడు తెచ్చి గీకి చూశాడు. దారం పిక్క లేదు. నాయనమ్మ లేచి అంతోనివారి పటం దగ్గరికి నడుస్తోంది. అప్పుడు ఫాదరుగారు గొంతు సవరించుకున్నారు.

"ఒకటి నేను మింగితిని," అన్నారు. "అంచున ఎర్రని దారము కనిపించెను. మీ దేశాచారమని తలచితిని. తీసివేయుట మర్యాద కాదని మింగితిని."

నాన్న మొదట నవ్వాడు. నాన్న అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన్ని చూసి ముఖలింగం మావ, మావని చూసి అందరం. కేరళలో ఇలా దారాలు పెట్టరా అని పైడమ్మత్త ఎంతో జాలిగా అడిగింది. ఫాదరుగారు కూడా నవ్వుతుంటే పొలమారింది, వీపు మీద చరచాల్సి వచ్చింది. నవ్వనిది నాయనమ్మ ఒక్కత్తే. ఆవిడ పటం దగ్గరే నిలబడి లెక్క కడుతోంది. దారం పిక్క గుచ్చింది కోడలే, రొట్టె కోసింది కోడలే, ఆ ముక్క ఫాదరుగారి కంచంలో పెట్టిందీ కోడలే. నెలరోజుల తర్వాత మొదటిసారి ఆవిడ అమ్మతో నేరుగా మాట్లాడింది.

"నివ్వూ మోసమే సేసినావు గదే."

అమ్మ మొహం ఎర్రబడింది. అవునని ఒప్పుకుంది. ఫాదరుగారు రాజయితే పిల్లని బోర్డింగుకి పంపమని ఆయన నోటే చెప్పిస్తే, అత్తగారు ఆయన మాట కాదనలేదని అలా చేశానంది. ఆయనతో ముందే చెప్పిందట కూడా. ఫాదరుగారు తెల్లబోయారు. అమ్మ ఆ మాట చెప్పింది గాని, ఆ పని పిక్కతో జరుగుతుందని చెప్పలేదన్నారు, తన తెలుగులో. మొత్తానికి రాజ్యం ఆయనదేనంటే ఎవరూ కాదనలేదు. మింగినది ఇంక బయటికి తీయలేం కదా. జోజి పాత కాగితపు కిరీటం తెచ్చి ఆయన నెత్తిన పెట్టాడు. అది చిన్న పిల్లలకి చేసింది, నడినెత్తిన ఊగుతూ నిలబడింది.

ఆయన కిరీటం సర్దుకుని, రాజుగా తన ఆజ్ఞ ఒకటేనన్నారు. ఈ పిల్ల వెళ్ళుట గూర్చి ఒక్కొక్కరు తమ మనసులోని నిజము చెప్పవలెను, పిల్ల చివర చెప్పవలెను అన్నారు. అమ్మ చెప్పింది, తన తరగతిలో ఐదు పూర్తయిన ఆడపిల్లలు ఏటేటా ఉప్పుమళ్ళలోకి పోతున్నారని, వాళ్ళ పేర్లు హాజరు పుస్తకంలో కొట్టేసేటప్పుడు తన చెయ్యి ఆడదని. నాయనమ్మ చెప్పింది, చూపు మసకేసిందని, సూదిలో దారం ఎక్కించేది ఈ పిల్లేనని, జపం మధ్యలో దమ్ము లాగుతున్నప్పుడు లెక్క తప్పకుండా చూసేదీ ఈ పిల్లేనని. నాన్న వంతు వచ్చింది. ఆయన తలూపబోయి ఆగాడు. పంపితే ఇంటికొచ్చాక ఎవరితో మాట్లాడాలో నాకు తెలీదు, పంపకపోతే రేపు దీని మొహం ఎలా చూడాలో తెలీదు, అందుకే తలూపుతున్నాను అన్నాడు. పైడమ్మత్త వంతు వచ్చేసరికి ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నానేటి సెప్తాను, నా పిల్లా, నా జెల్లా అని ముఖలింగం మావ వైపు తిరిగిపోయింది.

చివర నేను. నేను పిక్క పెట్టింది ఇంట్లో ఉండటానికని అందరూ అనుకుంటున్నారు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను ఆ చెయ్యి విడిపించుకోకుండానే చెప్పాను.

"నాకు ఎల్లాలనే ఉంది. ఆడ ఆదివారం ఒక్కొక్కలికి ఒక్కో గుడ్డు ఎడతారట. తమ్ముడికి పెట్టక్కర్లేదు."

ఫాదరుగారి కిరీటం జారి కింద పడింది. ఇంత చదువు గొడవా గుడ్డు దగ్గర తేలుతుందని అమ్మ అనుకోలేదు. నిజం చెప్పాలంటే గుడ్డు ఒక్కటే కాదు. రైలు ఎక్కాలనుంది, మా ఊరు కాని ఊరు చూడాలనుంది, ఒక ఇనుప మంచం నాదీ అని చెప్పుకోవాలనుంది. పదేళ్ళప్పుడు అవన్నీ చెప్పడానికి నాకు మాటలు లేవు, గుడ్డు ఉంది. నాయనమ్మ నా చెయ్యి వదిలేసి, చుట్ట అంటించుకుని, పెరట్లోకి వెళ్ళిపోయింది. ఫాదరుగారు ఉత్తరం అక్కడే పీట మీద కూర్చుని రాశారు. ప్రతి పెద్ద పండుగకీ పిల్లని ఇంటికి పంపవలెనని అందులో ఒక వాక్యం తనంతట తనే చేర్చారు.

మర్నాటి నుంచి జూన్ దాకా నాయనమ్మ రోజూ నాకు ఒక గుడ్డు ఉడకబెట్టి పెట్టింది. లంచమని అందరికీ తెలుసు. నేను తింటూనే ఉన్నాను, వెళ్ళాలనీ అంటూనే ఉన్నాను. జోజి ఆ అయిదు నెలలూ నాతో మాట్లాడలేదు. తీరా విజయనగరం వెళ్ళాక మొదటి ఆదివారం కంచంలో చూస్తే సగం గుడ్డు ఉంది. దారంతో నిలువునా కోసిన సగం. మిగతా సగం పక్క పిల్లది, ఆ పిల్ల పార్వతీపురం కొండల నుంచి వచ్చిన సవర పిల్ల, నాకంటే ముందు పెద్ద సగం తీసేసుకుంది. ఆ తర్వాత ఏడేళ్ళు మేం ఒకే బల్ల మీద కూర్చున్నాం.

ఇప్పుడు మా మనవరాలి బళ్ళో ఏడాదికొక రోజు అన్ని రాష్ట్రాల వేషాలూ వేయిస్తారు. పోయినేడు దానికి ఒడియా అమ్మాయి వేషం ఇచ్చారు. చీర, తలలో వెండి పువ్వులు అద్దెకి తెచ్చారు. విశాఖపట్నంలో మీ ఎదురింట్లోనే బరంపురం వాళ్ళున్నారు గదా, ఎప్పుడన్నా వాళ్ళింట్లో పఖాళ చద్దన్నం తిన్నావా అని అడిగితే, వాళ్ళ తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది అమ్మమ్మా అంది. ఇక్కడ మా అపార్ట్‌మెంటులోనూ అందరివీ వేసే ఉంటాయి, మాదీ. ఆ రోజుల్లో అంతా బాగుండేదని నేను అనను. ఊళ్ళో మా వసారా ఎక్కని వాళ్ళున్నారు, నాయనమ్మని నూతి దగ్గర పక్కకి జరగమన్న వాళ్ళున్నారు. ఒక కంచెకి కంత ఉంది, అంతే. కాని దానిలోంచి ఎవరెవరు ఎన్నిసార్లు దూరారో చూశాను కాబట్టి, కాగితం కత్తిరించి రంగులేస్తే సరిపోతుందని అనుకోలేకపోతున్నాను. అయినా మనవరాలికి కత్తెర పట్టుకోవడం నేర్పాను. జిగురు మరక దుప్పటికి అలాగే ఉంది.

బోర్డింగులో మొదటి నెల చివరి ఆదివారం చూడటానికి ఇంటివాళ్ళు రావచ్చు. అమ్మ వస్తుందనుకుని గేటు దగ్గర నిలబడ్డాను. అమ్మకి జ్వరమట. వచ్చింది నాయనమ్మా, పైడమ్మత్తా. ఇద్దరూ జీవితంలో రైలెక్కలేదు. నాన్న నౌపడలో ఎక్కించి, గార్డుకి అప్పజెప్పాడట. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ఇదే విజయనగరమని దిగిపోబోతే తోటివాళ్ళు పట్టుకుని కూర్చోబెట్టారట. నాయనమ్మ మెడలో జపమాల, పైడమ్మత్త నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ, చేతిలో రాగిచెంబు నిండా ఫ్రాంచీసమ్మ తల్లి పాల నెయ్యి. గేటు దగ్గర సిస్టరుగారు కఠినమైన మనిషి. రక్తసంబంధీకులకే లోపలికి అనుమతి అన్నారు. నాయనమ్మని వదిలి, పైడమ్మత్తని చూసి, మీరు పిల్లకి ఏమవుతారని అడిగారు. పైడమ్మత్త చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఈ నెయ్యి పిల్లకి ఇచ్చీండమ్మా, నానిక్కడే కూకుంటాను అంది.

నాయనమ్మ వెనక్కి వచ్చి ఆవిడ రెక్క పట్టుకుంది. "నా కూతురు," అని సిస్టరుగారితో అంది. "పిల్లకి మేనత్త."

సిస్టరుగారు జపమాల చూశారు, కుంకుమ చూశారు. ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత గేటు రెండో రెక్క కూడా తీశారు. ముగ్గురం చింతచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. నెయ్యి వేలితో తీసి నా నోట్లో పెడుతూ పైడమ్మత్త ఏడుస్తోంది, నవ్వుతోంది. రోజుకి మూడుసార్లు జపం చేసే మనిషివి, సిస్టరుగారితో అంత అబద్ధం ఎలా ఆడావు నాయనమ్మా అని నేను చెవిలో అడిగాను. ఆవిడ నావైపు, నేనేదో కొత్త భాష మాట్లాడినట్టు చూసింది.

"అబద్దమేటాడినాను?" అంది.